అమ్మమ్మ తల్లి రాయి

మీ తల్లిగారి పేరు మీరెఱుగుదురు. అమ్మమ్మగారి పేరును ఎఱిగియే యుందురు. ఆ అమ్మమ్మగారిని కన్నతల్లి పేరేమి? ఈ పుటను ఒక్క నిమిషము ప్రక్కన పెట్టి జ్ఞాపకము చేసికొనుడు. చెప్పగలిగినవారు ధన్యులు. చెప్పలేనివారు మా జట్టులోనివారే. ఏలన, మొన్నమొన్నటివఱకు మేమును చెప్పలేకపోయితిమి.

ఇది కేవలము మన మతిమఱపు వలన కలిగిన దోషము కాదు. మన ఇండ్ల కట్టుబాటే అట్టిది. మగవారి వంశమునకు ఇంటిపేరను తాడొకటి కలదు. దానిని పట్టుకొని నాలుగైదు తరములు వెనుకకు నడువవచ్చును. ఆడువారి వంశమునకు ఆ తాడు లేదు. తల్లి పుట్టిన ఇంటిపేరు ఒకటి, అమ్మమ్మ పుట్టిన ఇంటిపేరు మఱియొకటి, ఆమె తల్లిది ఇంకొకటి. తరమునకొక ముడి విడిపోవుచుండును.

మా ప్రక్కయింటి బ్రాహ్మణ సోదరి నొకనాడు ఈ విషయమై యడిగితిమి. తర్పణము విడుచునపుడు తల్లిని, తండ్రితల్లిని, తాతతల్లిని పేరుపేరున తలంతురట. తల్లివైపున మాతామహుని, ఆయన తండ్రిని, తాతను, వారి వారి భార్యలను తలంతురట. మాతామహుని భార్యగా అమ్మమ్మ వచ్చును. కాని ఆ అమ్మమ్మను కన్నతల్లి ఏ వరుసలోను రాదు. "నిజమే సుమండీ, ఇన్నేళ్లనుంచి వింటున్నాను, ఆవిడ లేదని ఇవాళే తోచింది" అని ఆ సోదరి ఆశ్చర్యపడెను. మేము క్రైస్తవులము, మాకు తర్పణములు లేవు. కాని 1872వ సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టము ననుసరించి వ్రాయు మా పెండ్లి పుస్తకములలో వధూవరుల తండ్రుల పేర్లకు గడి కలదు. తల్లుల పేర్లకు గడి లేదు. మతములు వేఱైనను మఱపు ఒక్కటే.

మా అమ్మగారికి ఎనుబదియైదేండ్లు దాటినవి. గడచిన వర్షకాలమున జ్వరపడి లేచిన పిమ్మట ఒకనాటి రాత్రి మమ్ము పిలిచి, "మా అమ్మమ్మ పేరు తెలియకుండానే పోతానేమోనే" అనిరి. మేము నవ్వి మాట మార్ప జూచితిమి. ఆమె నవ్వలేదు. "పైన ఆవిడ ఎదురొస్తే ఏమని పిలవను?" అనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మమ్మగారు 1902వ సంవత్సరమున పుట్టిరి. ఆమెకు ఆఱేండ్లప్పుడు తల్లి పోయెను. తండ్రి ఉపదేశి, మిషనువారు పంపిన పల్లెకెల్ల పోవలసినవారు. పిల్లను దూరపు ఊరిలోని మేనత్త తీసికొనిపోయి పెంచెను. ఆఱేండ్ల పిల్లకు తల్లి పేరుతో పనియేమి? పిల్లకు ఆమె "అమ్మ". ఊరివారికి "ఉపదేశమ్మగారు". ఆడుబిడ్డకు "వదిన". భర్త భార్యను పేరుపెట్టి పిలుచు ఆచారము ఆ దినములలో లేదు. ఇట్లు నలుగురును నాలుగు విధముల పిలుచుటలో ఆమె అసలు పేరు ఎవరి నాలుకమీదను నిలువలేదు. అమ్మమ్మగారికి మిగిలిన జ్ఞాపకములు రెండే: తండ్రి చేయి పట్టుకొని ఎత్తైన గడ్డిలో నడచిపోవుట యొకటి, రాతిమీద పావురపు బొమ్మ యొకటి. "పావురం ముక్కున రెమ్మ ఉంటుంది" అని ఆమె మా అమ్మగారితో పలుమాఱు చెప్పెడివారు.

ఆ రెమ్మను పట్టుకొని మేము బయలుదేఱితిమి.

మొదట కాగితములను వెదకితిమి. రాళ్లకంటె పూర్వము కాగితములను చూచుట వివేకము. ఏలన, మరణించిన తేది తెలిసినచో ఏ వరుసలో వెదకవలయునో కొంత తెలియును. జనన మరణములను దేశమంతట ఒకే తీరున విధిగా నమోదు చేయు ఏర్పాటు 1969వ సంవత్సరపు చట్టముతో వచ్చినది. అంతకు పూర్వపు లెక్కలు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున నుండును. చర్చి పుస్తకములే మావంటివారికి శరణ్యము. జ్ఞానస్నానములకు, పెండ్లిండ్లకు, భూస్థాపనలకు వేఱు వేఱు పుస్తకము లుండెడివి. మదరాసు రాజధానిలోని ఇంగ్లీషు చర్చిలనుండి ఇట్టి పుస్తకముల నకళ్లు లండనుకు పోవుచుండెడివి. అవి నేడు అచటి బ్రిటిషు లైబ్రరీలో నున్నవి; కాని వానిలో అధికభాగము దొరల పేర్లే. 1905లో జూలియను జేమ్సు కాటనుగారు మదరాసు రాజధానిలోని సమాధుల వ్రాతలను సేకరించి గొప్ప గ్రంథమొకటి ప్రకటించిరి. అదియు చరిత్రలో చెప్పుకొనదగినవారి కొఱకే గాని ఉపదేశి భార్యల కొఱకు గాదు.

కనుక మేము ఆ ఊరి పాస్టరుగారి యింటికే పోయితిమి. ఊరి పేరిచట వ్రాయము. కృష్ణా డెల్టాలో సముద్రపు గాలి సోకునంత దూరమున నున్నది. ఆయన దయతో పాత పెట్టె తెఱపించి, చెదలు కొంత తినగా మిగిలిన భూస్థాపనల పుస్తకమును మా ముందుంచిరి. మధ్యాహ్నమువఱకు పుటలు త్రిప్పితిమి. 1908వ సంవత్సరము, ఏప్రిలు మాసము. "ఉపదేశి భార్య. వయస్సు 27. జ్వరము." అంతే.

మేమును మాతో వచ్చిన వదినగారును కొంతసేపు మాటాడలేదు. వ్రాసినవారి చేతివ్రాత ముత్యములవలె నున్నది. తేది తప్పక వ్రాసిరి, వయస్సు వ్రాసిరి, వ్యాధి వ్రాసిరి, పేరొకటి విడిచిరి. వారికి ద్వేషమేమియు లేదు. ఉపదేశి భార్య యనిన చాలునని తోచియుండును. ఊరందఱకు తెలిసిన మనిషికి పేరెందుకని యనుకొని యుందురు. అందఱకు తెలిసినదే మొదట మఱుగున పడునని వారేమెఱుగుదురు?

ఇక మిగిలినది రాయి.

ఆ రాత్రికి మేము బందరులో బసచేసితిమి. తెల్లవాఱుజామున కోటవైపు పోయి డచ్చివారి సమాధులను చూచితిమి. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే బందరున వర్తకశాల పెట్టిరి. అచటనే చనిపోయినవారిపై గొప్ప గొప్ప రాతిపలకలు పఱపించిరి. అక్షరములు ఉబ్బెత్తుగా, వంశచిహ్నములు పూలతో ఈకలతో, నేటికిని వ్రేలితో తడవి చదువవచ్చును. కోరమండల తీరమున చెక్కిన ఇట్టి పలకలు ఓడలమీద బటేవియా నగరమునకు సైతము పోయెడివట. డచ్చివారి రాళ్లలో మాకు నచ్చిన ఆచారమొకటి కలదు. భార్య సమాధిపై ఆమెను పుట్టినింటి పేరుతోనే వ్రాసి, ఫలానావారి ఇల్లాలని పిమ్మట వ్రాయుదురు. సముద్రములు దాటి వచ్చి మన ఉప్పుగాలిలో కన్నుమూసిన స్త్రీలకు తమ పేర్లు దక్కినవి. వారి రాయి గట్టిది, ఉలి లోతైనది, చెక్కించినవారికి ధనమున్నది.

అచటినుండి ఊరిలోనికి తిరిగివచ్చుచు మఱియొకటి తలంచితిమి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి ఈ బందరుమీదికే ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టను పెట్టుకొనెను. వారిలో ఎందఱికి రాయి? ఎందఱికి పేరు? ఒక్క పేరుకొఱకు మేము పడు పాట్లు ఆ లెక్క ముందు చిన్నవిగా తోచినవి. అయినను చిన్నదియని విడుచుటకు రాదు. పోయిన పేర్లన్నియు ఒక్కొక్కటిగానే పోయినవి.

మేము శ్మశానమునకు పోయినది మాఘమాసము. ఇట్టి పనికి ఆ కాలమే తగినది. వర్షములు వెనుకబట్టి గడ్డి యెండియుండును, ఎండ ముదిరి యుండదు, పాముల భయము కొంత తక్కువ. గోడ సగము కూలినది. లోపల సర్కారుతుమ్మ దట్టముగా పెరిగినది. జిల్లేడు, పల్లేరు, రేగుకంపలు చీరలు పట్టి లాగుచుండెను. గోడప్రక్క గుడిసెలో కాపరి ముసలమ్మ కలదు. ఆమె అత్తగారు ఆమెకు ముందు ఆ స్థలమును కనిపెట్టుకొని యుండెడిదట.

"ఎవరికోసమమ్మా?" అని యడిగెను.

"మా అమ్మమ్మ తల్లికోసం."

"పేరేంటమ్మా?"

"అది తెలుసుకుందామనే వచ్చాం" అంటిమి. ముసలమ్మ మావైపు వింతగా చూచి, కొడవలి తీసికొని ముందు నడచెను.

పూర్వపు క్రైస్తవ సమాధులలో తల పడమటికి, కాళ్లు తూర్పునకు ఉంచుట వాడుక. తలరాయి పడమటికొసన నుండును. ఇది తెలిసినచో పడిపోయిన రాయి ఏ గుంతకు చెందినదో గుర్తింపవచ్చును. ముసలమ్మ కంప కొట్టుచుండగా మేము వరుసకొక రాయి చొప్పున చూచుచు పోతిమి. నల్లరాళ్లు నిలిచినవి. ఇటుకతో కట్టి సున్నము పూసిన గూళ్లు చాలవఱకు కరగిపోయినవి. ఒకచోట రావిమొక్క వేరు సమాధిని రెండుగా చీల్చినది. మూడు గంటలు గడచినవి. వదినగారు అలసి ఒక వంగిన రాతిపై చేయి వేసి నిలుచుండి, "ఇదుగో, ఇక్కడ ఏదో బొమ్మ తగులుతోంది" అనిరి. కంటికేమియు లేదు, బూడిదరంగు నాచు పేరుకొని యున్నది. వ్రేళ్లకు మాత్రము ఒక గుండ్రని తల, ఒక ముక్కు, దానిచివర సన్నని రెమ్మ తగిలినవి.

మా కండ్లలో నీరు నిండినది. ఆ తొందరలో చేయరాని పని చేసితిమి. దాచక చెప్పెదము, మా తప్పు మీకు బుద్ధియగును.

మేము ఇంటినుండి తెచ్చిన సంచిలో చింతపండును, కొబ్బరిపీచును ఉండెను. ఇత్తడి బిందె తోమినట్లు రాతిని తోమవచ్చునని మా యూహ. చింతపండు నానబెట్టి పూసి, పీచుతో నాలుగుమాఱులు రుద్దితిమి. బొమ్మక్రింద మూడవ పంక్తి మొదట తమలపాకంత పెచ్చు ఊడి, ముక్కలై గడ్డిలో పడెను. దానితో ఒక అక్షరము పోయెను. నూఱేండ్లకు పైగా ఎండకు, వానకు, గాలికి ఓర్చిన అక్షరమును, దానిని వెదకుచు వచ్చిన మేమే పోగొట్టితిమి. వదినగారు మా చేతిలోని పీచు లాగుకొని దూరముగా పాఱవైచిరి.

ఇట్లేల జరిగినదో పిమ్మట తెలిసికొంటిమి. ఆ రాయి నల్లరాయి కాదు. పల్నాటి నాపరాయివంటి సున్నపురాయి. పేదలకు అందుబాటులోనిది, ఉలికి సుఖముగా లొంగును. కాని అది పొరలుపొరలుగా నుండును. సముద్రపు గాలిలోని ఉప్పు తడితోబాటు రాతిలోనికి దిగును. తడి యాఱినపుడు ఉప్పు పలుకులు కట్టి లోపలినుండి పైపొరను నెట్టును. ఏటేట ఇట్లు జరుగగా పైపొర చూచుటకు నిలిచియున్నట్లే యుండి లోన విడివడి యుండును. చేయి తగిలినంతనే పెచ్చు ఊడును. ఇక చింతపండు పులుపు సున్నపురాతిని తినివేయును. నిమ్మరసము, వెనిగరు, ఆసిడ్లు అన్నియు నంతియే. ఇత్తడికి మెఱుగిచ్చునది రాతికి చేటు. రాతిమీద పేరుకొను ఆ బూడిదరంగు నాచు మనము మసాలాలో వేయు రాతిపువ్వు జాతిదే. అదియు పులుపు స్రవించి మెల్లమెల్లగా రాతిని తినుచుండును. అయినను దానిని గోకి తీయరాదు. దానితోబాటు రాయియు వచ్చును.

మేము తలవంచుకొని కూర్చుంటిమి. ముసలమ్మ రాతివైపు చూచి, మావైపు చూచి, కోపింపక యిట్లనెను: "పొద్దు నెత్తిమీదుంటే అక్షరాలు పడుకుంటాయమ్మా. పొద్దు వాలనీండి. అప్పుడు లేస్తాయి."

ఆమెకు చదువు రాదు. చదివిన మాకెవరికిని తోచని యుపాయము ఆమెకు తెలియును. ఎండ నిట్టనిలువుగా పడినపుడు గంటులలో నీడ యుండదు. ప్రక్కనుండి పడినపుడు ప్రతి గంటును నీడ పట్టును. ఆమె అంతటితో ఊరకుండలేదు. గుడిసెలోనుండి చేట తెచ్చి, రాతిక్రింది మట్టిని దోసిలితో ఎత్తిపోసి, బియ్యము చెఱిగినట్లు చెఱుగ సాగెను. మేమును కూర్చుండి పలుకులేఱితిమి. సాయంకాలమునకు పెచ్చు మూడు ముక్కలుగా దొరకినది.

చెఱుగుచు ఆమె తనవారి మాట చెప్పెను. "మావాళ్లకి రాళ్లెక్కడియ్యమ్మా? ఆ తాటిచెట్టు మొదట్లో మా అత్త. ఈ గట్టుమీద మా పెద్దోడు. నాకు తెలుసు, అంతే." మేము సిగ్గుపడుచునే యడిగితిమి: "నీ అమ్మమ్మ తల్లి పేరు నీకు తెలుసా?"

"తెలవకేం? ఆమె పేరే నాకెట్టారు" అనెను.

మేము నిరుత్తరులమైతిమి. మన తెలుగు ఇండ్లలో తాత పేరు మనుమనికి, జేజమ్మ పేరు మనుమరాలికి పెట్టు ఆచారము వట్టి ముచ్చట యని యనుకొనుచుందుము. అది రాయి లేనివారి రాయి. ఎండకు పగులదు, ఉప్పుకు పెచ్చులూడదు. దినమునకు పదిసార్లు ఎవరో యొకరు ఎలుగెత్తి పిలుచుచునే యుందురు. మా యింటిలో మతము మారిన తరమునుండి బైబిలు పేర్లు పెట్టుచు వచ్చుటచే ఆ గొలుసు తెగినది. రాయి వేయించుకొనగలిగిన మేము పేరు పోగొట్టుకొంటిమి. రాయి లేని ఆమె దక్కించుకొనెను.

పొద్దు వాలెను. వెలుగు తుమ్మల సందులనుండి అడ్డముగా వచ్చి రాతిమీద పడెను. ముసలమ్మ చెప్పినట్లే అక్షరములు లేచినవి. వదినగారు చేతి అద్దముతో వెలుగును మఱికొంత ప్రక్కకు త్రిప్పిరి. మొదటి పంక్తి: ఉపదేశిగారి పేరు. రెండవ పంక్తి: "గారి భార్య". మూడవ పంక్తి మొదట మేము చేసిన గాయము, దాని తరువాత రెండక్షరములు, చివర "మ్మ". నాలుగవ పంక్తి: "ప్రభువునందు నిద్రించెను". దానిక్రింద తెలుగు అంకెలలో ౧౯౦౮.

తెలుగు అక్షరములకు తలకట్టే ప్రాణము. తలకట్టును సన్నగీతయు అరిగినచో ప, వ, స, మ ఒకదానికొకటి పోలిక యగును. ఆ మొదటి అక్షరము లేనిచో అది నాలుగైదు పేర్లలో ఏదైనను కావచ్చును. వదినగారు మూడు ముక్కలను పమిట కొంగున తుడిచి, అరచేతిలో కూర్చి, గాయముమీద ఆనించి పట్టుకొనిరి. మేము వంగి చూచితిమి. అక్షరము స్పష్టముగా కనబడెను.

అప్పుడు వదినగారు ఆ పేరును పైకి చదివిరి. ముసలమ్మ మఱల అనెను. మేమును అంటిమి. భర్త భార్యను పేరుతో పిలువని దినములలో ఆ ఉపదేశిగారు, వారి కొద్దిపాటి జీతములో, రాయి వేయించి దానిపై పేరు చెక్కించిరి. బ్రతికియుండగా ఒక్కసారియు ఎలుగెత్తి పిలువని పేరును రాతిమీద వ్రాయించిరి. పుస్తకము వ్రాసినవారు విడిచినది ఆయన విడువలేదు. దానిని తలంచి మా మనస్సు కరగినది.

ఇంటికి వచ్చి అమ్మగారి మంచముకడ కూర్చుండి పేరు చెప్పితిమి. ఆమె రెండవమాఱు చెప్పించుకొనిరి. పెదవులు కదలించుచు లోలోపల అనుకొనిరి. పిమ్మట, "బైబిలు పట్టుకురా, ముందాకు మీద రాయి" అనిరి. మా అమ్మగారి పేరునకు పైన అమ్మమ్మగారి పేరు, దానికి పైన ఆ పేరును వ్రాసితిమి. ఈ పత్రికలో ఆ పేరును ముద్రింపము. మా అన్నగారి మనుమరాలికి రాబోవు క్రిస్మసునాడు జ్ఞానస్నానము జరుగును. "నూఱేళ్ల పైబడి ఎవరూ పిలవని పేరు. ముందు మన ఇంట్లో పిలవనీ, తర్వాత ఊరు పిలుస్తుంది" అని అమ్మగారి ఆజ్ఞ.

ఇట్టి పనికి పూనుకొను సోదరీమణులకు మా యనుభవమునుండి నాలుగు మాటలు. పోవుటకు ముందు ఆ స్థలము ఎవరి యధీనములో నున్నదో విచారించి సెలవు పొందుడు. ఒంటరిగా పోకుడు, చేతికఱ్ఱయు, కాళ్లకు గట్టి చెప్పులును ఉండవలయును. రాయి కనబడినంతనే ముట్టవలదు. మొదట ఫోనుతో నలుదిక్కులనుండి చిత్రములు తీయుడు. మేము అట్లు చేసియుండినచో పెచ్చు ఊడినను అక్షరము మిగిలెడిది. ఉదయముననో సాయంకాలముననో చూడుడు. ఆ వేళకు వీలుపడనిచో అద్దముతోనైనను, నీడపట్టున చేతిదీపముతోనైనను ప్రక్కనుండి వెలుగు పాఱించుడు. రాయి గట్టిగా నున్నచో మంచినీటితో తడిపి మెత్తని కుంచెతో మట్టి మాత్రము తుడువవచ్చును. పొరలు విడిచినట్లు తోచినచో అదియు వలదు. తీగకుంచెలు, ఆసిడ్లు, చలువపొడులు, సబ్బులు దగ్గఱకు రానీయకుడు. అక్షరములలో ముగ్గుపిండియు, సుద్దయు నింపుట పలువురు చేయు పని. సుద్ద రాతిని గీకును, పిండి పురుగులను, నాచును పెంచును. ప్రక్కకు వంగిన రాతిని సిమెంటుతో బిగించుట మేలని తోచును గాని మెత్తని రాతికి అది చెఱుపు. తడిని బయటికి పోనీయదు. సున్నము తెలిసిన పనివానిని పిలుచుట మంచిది. ఊడిన పెచ్చులను ఇంటికి తెచ్చుకొనకుడు. మేము మా ముక్కలను గుడ్డలో చుట్టి, రాతి వ్రాతనంతయు కాగితముమీద వ్రాసి, రెంటిని పాస్టరుగారి పెట్టెలో ఆ పుస్తకముతోబాటు ఉంచితిమి.

క్రైస్తవులకే యని యనుకొనవలదు. ముసల్మాను సోదరీమణుల పెద్దలకు గోరీలున్నవి. హిందువులలో పలు కులములవారు భూస్థాపన చేయుదురు. పొలముగట్లమీద వారి సమాధులు నేటికిని కలవు. దహనము చేయువారికి రాయి లేకపోవచ్చును. కాని పాత దస్తావేజులు, పెండ్లి శుభలేఖలు, బిందెలమీద, చెంబులమీద పొడిపించిన పేర్లు ఉండును. పుట్టింటినుండి వచ్చిన ఇత్తడి సామాను నొకసారి త్రిప్పి చూడుడు. ఒక్కొక్కప్పుడు ముత్తవగారి పేరు చెంబు అంచుమీదనే నిలిచియుండును. మనము దానిని దినదినము తోముచునే చదువక యుందుము.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఇంటిలో వృద్ధురాలున్నచో ఈ రాత్రియే ఆమెకడ కూర్చుండి అడుగుడు. "మీ అమ్మగారి పేరేమి? ఆమె తల్లి పేరేమి? ఏ ఊరు? ఏ ఇంటిపేరు?" చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. దానికి శ్మశానమునకు పోనక్కఱలేదు, తుమ్మకంప కొట్టనక్కఱలేదు, కాగితమును కలమును చాలును. మా అమ్మమ్మగారి మేనత్త బ్రతికియున్న దినములలో ఎవరైనను ఒక్కమాఱు, "మీ వదినగారి పేరేమండీ?" అని యడిగియుండినచో మేము ఇంత దూరము పోవలసిన పని లేకపోయెడిది. ఎవరును అడుగలేదు. మీరడుగుడు.